కింది అంతస్తు కిరాయి

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ తడుముకోకుండా చెబుతుంది: "ఊరోళ్ళ కిరాయిలు అడుక్కుంట తిరుగుతది." కోపం వస్తుంది కానీ, అంతకంటే బాగా నేనూ చెప్పలేను. పుణెలో ఒక చిన్న సంస్థ ఉంది. ఏ ఊళ్ళో ఆఫీసు గదులకు ఎంత అద్దె నడుస్తోంది, ఏ వీధిలో పెరుగుతోంది, ఎక్కడ ఖాళీగా పడి ఉన్నాయి అని లెక్క తీసి, కొత్తగా ఆఫీసు పెట్టాలనుకునే కంపెనీలకు నివేదిక ఇస్తుంది. షోలాపూర్ మట్టుకు ఆ సంస్థ అంటే నేను, నా స్కూటీ, చేతిలో ఇమిడిపోయే లేజరు మీటరు. మీట నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్రటి చుక్క పడుతుంది, దూరం ఎంతో తెరమీద కనిపిస్తుంది. మొదటిసారి మా గల్లీలో దాన్ని బయటికి తీసినప్పుడు, ఎదురింటి అత్త గడప మీద బీడీలు చుట్టుకుంటూనే తల ఎత్తి చూసి, "గోడకు బొట్టు పెడుతున్నవా ఏందే?" అంది.

మా గల్లీ అశోక్ చౌక్‌కు దగ్గర్లోనే ఉంటుంది. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పని కోసం వచ్చినవాళ్ళమే అందరమూ. చుట్టరికం ఉన్నా లేకపోయినా ప్రతి ఒక్కరూ అత్తో, మామో, అక్కో అయి తీరుతారు. ప్రతి ఇంటి కింద ఒకప్పుడు కార్ఖానా ఉండేది, అంటే తువ్వాళ్ళు, చద్దర్లు నేసే కరెంటు మగ్గాలు, మా మాటలో సాంచలు, వరసగా నిలబడిన పెద్ద హాలు. సాంచల మోతకు మేం ఎంత గట్టిగా మాట్లాడేవాళ్ళమంటే, పుణెలో చదువుకునేటప్పుడు నా హాస్టలు గదిలోని పిల్ల నేను తనతో పోట్లాడుతున్నానని నెల రోజులు అనుకుంది. ఇప్పుడు చాలా కార్ఖానాల్లో సాంచలు లేవు. కొందరు అమ్ముకున్నారు, కొందరు అక్కల్‌కోట్ రోడ్డు వైపు పెద్ద షెడ్లలోకి మార్చుకున్నారు. ఖాళీ అయిన హాళ్ళకు సున్నం కొట్టించి, టైల్స్ పరిపించి, "ఆఫీసుకు ఇవ్వబడును" అని బోర్డులు కట్టారు. ఆ బోర్డుల పుణ్యమా అని నాకు సొంత గల్లీలోనే పని దొరికింది.

అద్దె కొలవడమంటే గోడలు కొలవడమే అనుకుంటారు చాలామంది. గోడలతో పేచీ లేదు, అవి అబద్ధం చెప్పవు. పేచీ అంతా మనుషులతోనే. పుణెలో మా మేడమ్ నాకు మొట్టమొదట నేర్పిన పాఠం ఒకటుంది. యజమాని ఎప్పుడూ అద్దె ఎక్కువ చెబుతాడు, అద్దెకున్నవాడు తక్కువ చెబుతాడు, మనం మధ్యలో పట్టుకోవాలి. ఆ పాఠం మా పేటలోకి రాగానే తలకిందులైంది. ఇక్కడ యజమాని తక్కువ చెబుతాడు. దిష్టి భయం కొంత, మున్సిపాలిటీ పన్ను భయం కొంత. అద్దెకున్నవాడేమో ఎక్కువ చెబుతాడు. అంత కట్టేపాటి గిరాకీ తనకుందని పక్క దుకాణంవాడికి తెలియాలి కదా. చివరికి నేను వేరే దారి కనిపెట్టాను. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి చాయ్ తెప్పించేదాన్ని. యజమాని ఒక అంకె చెప్పగానే అద్దెకున్నవాడికి దగ్గు వచ్చేది. "ఏందన్నా, దగ్గుతున్నవ్?" అనేదాన్ని. అక్కణ్ణుంచి బేరం మొదలై, రెండో చాయ్ అయ్యేసరికి అసలు అంకె బల్లమీదికి వచ్చేది. చాయ్ ఖర్చు సంస్థ ఇస్తుంది కాబట్టి నాకేమీ బాధ లేదు.

అట్లా మా పేటంతా తిరిగి, అశోక్ చౌక్ నుంచి నీలం నగర్ దాకా లెక్కలు తీసి పంపిస్తే, మేడమ్ ఫోన్ చేసింది. ఆమె మరాఠీలో ఎంత మెల్లగా మాట్లాడితే అంత కోపంగా ఉన్నట్టు లెక్క. ఆ రోజు చాలా మెల్లగా మాట్లాడింది.

"నీ గల్లీ లెక్కల్లో కింది అంతస్తు, పై అంతస్తు తారుమారు చేశావు. సరిచేసి పంపు."

నేను తారుమారు చేయలేదు. మా గల్లీలో నిజంగానే, అడుగు లెక్కన చూస్తే, కింది అంతస్తుకు అద్దె తక్కువ, మేడ మీద ఎక్కువ. మా వృత్తిలో ఇది నీళ్ళు పైకి పారినట్టు. లోకంలో ఎక్కడైనా కింది గదికే గిరాకీ. మెట్లు ఎక్కే పని లేదు, బోర్డు రోడ్డుకు కనిపిస్తుంది, సామాను దించుకోవడం సులువు. మా గల్లీలోనేమో మేడమీది ఇరుకు గదిలో ఆడిటరు ఎక్కువ కడుతుంటే, కింద ఏనుగును కట్టేసేంత హాలు తక్కువకు పోతోంది. మళ్ళీ వెళ్ళి కొలిచాను. మళ్ళీ చాయ్‌లు తాగించాను. అంకెలు కదల్లేదు.

కారణం ఏమై ఉంటుందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. వానాకాలంలో నీళ్ళు వస్తాయా? మా గల్లీ ఎత్తులో ఉంది, నీళ్ళన్నీ కింది గల్లీకి పోతాయి. మిగిలిన సాంచల మోతా? మోతకు మెట్లు అడ్డం కాదు, మేడమీద కూడా అంతే వినిపిస్తుంది. చివరికి పక్కింటి మామ దగ్గరికి వెళ్ళాను. మామ సాంచలన్నీ అక్కల్‌కోట్ రోడ్డు షెడ్డులోకి మార్చేశాడు. ఆయన హాలు గల్లీలోకెల్లా పెద్దది.

"మామా, కింద కిరాయి ఎందుకు తక్కువ చెప్తున్నవ్?"

"కింద గింతే ఉంటదమ్మా."

"అదే, ఎందుకుంటది?"

మామ తువ్వాలుతో మొహం తుడుచుకుని నిజంగానే ఆలోచించాడు. "మొదలు సంది గట్లనే ఉన్నది. చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలె గని నన్నడుగుతవేంది?"

నా ముక్కు మీద కోపం సంగతి గల్లీ అంతటికీ తెలుసు. మామ భార్య వెంటనే ఒక గిన్నెలో పల్లీల శెంగ చట్నీ, కరకరలాడే జొన్నరొట్టె కడక్ భాకరీ తెచ్చి ముందు పెట్టింది. తినేసి ఇంటికి వచ్చి, నివేదికలో "కారణం తెలియదు, కొలత సరైనదే" అని రాసి పంపేశాను. మేడమ్ మూడు రోజులు నాతో మరీ మెల్లగా మాట్లాడింది.

ఆ నివేదిక చూసే ఒక కంపెనీ మామ హాలును అద్దెకు తీసుకుంది. ఆస్పత్రుల బిల్లులు తయారుచేసే కంపెనీ అది. మా పేటలో డిగ్రీ చదివిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారని వాళ్ళకు తెలుసు. అంత పెద్ద హాలు అంత తక్కువ అద్దెకు దొరికేసరికి ఎగిరి గంతేశారు. పుణె నుంచి మేనేజరును పంపారు. ఇస్త్రీ మడత నలగని మరాఠీ మనిషి. వచ్చిన వారంలోనే ప్రతి ప్లగ్గుకూ ఒక చీటీ అంటించాడు, ఏ తీగ ఏ కంప్యూటరుదో, అనుమతి లేనిదే ముట్టుకోకూడదని. చెప్పులు ఎక్కడ విడవాలో కూడా చీటీ అంటించాడు.

అతను తీసుకున్న మొదటి అమ్మాయిల్లో ఎదురింటి అత్త కూతురు ఒకతె. ఎక్కడ కూర్చుంటావని అడిగితే కిటికీ పక్క బల్ల చూపించింది. మేనేజరు వెలుతురు కోసం అనుకున్నాడు. వాళ్ళ నాయన ఆ కార్ఖానాలోనే నేత పని చేసేవాడు. ఆయన నడిపిన సాంచలు ఆ కిటికీ పక్కనే ఉండేవి. ఆయన పోయి కొన్నేళ్ళయింది. అప్పటినుంచి అత్త ఒళ్ళో చేట పెట్టుకుని, బీడీలు చుట్టి ఆ పిల్లను చదివించింది. అత్త చేతులు ఆగవు, నోరూ ఆగదు. రోజూ కూతురు రోడ్డు దాటి ఆఫీసులోకి వెళుతుంటే, "మా అమ్మగారి కచేరీ గింత దూరముంది, రైలెక్కి పోవాలె" అని గల్లీ అంతా వినేలా అనేది. సంతోషం పట్టలేక అనే మాట అది.

ఆ పిల్లకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకుది విడీ ఘర్కుల్, బీడీ కార్మికుల కాలనీ. సంబంధం ఖాయం చేసుకునే పూలు పండ్ల రోజున అత్త ఇంటి ముందు గల్లీ అంతా కూర్చున్నాం. నేనూ ఉన్నాను, మామా ఉన్నాడు. పెళ్ళికొడుకు మేనమామ అడిగాడు, "పెండ్లి ఏడ చేస్తరు?"

"ఏడ ఏంది? మామ కార్ఖానల," అంది అత్త.

"అవు మరి, ఇంకేడ?" అన్నాడు మామ.

మా అమ్మ తల ఊపింది. ఆ ఆఫీసులోనే రోజూ పనిచేసే పెళ్ళికూతురు సిగ్గుతో తల దించుకుంది. ఆ హాలుకు అద్దె లెక్కగట్టి, నా నివేదిక చూపించి, దగ్గరుండి ఇప్పించిన నేను నోట్లో దూద్‌పేడా పెట్టుకుని, ముహూర్తం గురువారం పడింది, సెలవు పెట్టాలి కదా అని మాత్రమే ఆలోచించాను. ఆ హాల్లో ఇప్పుడు ఒక ఆఫీసు ఉందని, అది గురువారం నడుస్తుందని అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. పెళ్ళి పత్రికలు ఒక పక్క తెలుగులో, ఒక పక్క మరాఠీలో అచ్చయ్యాయి. పెళ్ళివారి వైపు పంచేశారు కూడా.

ఆఫీసులో మొదటి పత్రిక పిల్ల పసుపు పెట్టి మేనేజరుకే ఇచ్చింది. తర్వాత జరిగింది ఆ పిల్లే నాకు చెప్పింది. అతను చిరునవ్వుతో మరాఠీ వైపు చదువుతూ వెళ్ళి, వివాహ స్థలం దగ్గర ఆగాడట. మళ్ళీ చదివాడట. పత్రిక పట్టుకుని వీధిలోకి వెళ్ళి, తన ఆఫీసు బోర్డు మీది చిరునామా చూసి, లోపలికి వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి, నాకు ఫోన్ చేశాడు.

నేను వెళ్ళేసరికి పత్రిక బల్లమీద ఉంది. "మేడమ్, ఈ హాలు గురించి నివేదిక ఇచ్చింది మీరే కదా," అన్నాడు. అతని వేలు స్థలం మీద ఉంది. నేను ఆ వరస చదివాను, చీటీలు అంటించిన ప్లగ్గుల వైపు చూశాను. అప్పుడు వెలిగింది నాకు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను ఇన్నాళ్ళూ వెతికిన కారణం నా కళ్ళముందే ఉంది. నవ్వు ఆపుకోలేకపోయాను. పాపం, ఆ మనిషి నన్ను ఎంత వింతగా చూశాడో.

మా గల్లీలో పెళ్ళి అంటే కార్ఖానాలోనే. సాంచలు ఉన్న రోజుల్లో, పెళ్ళి వచ్చిందంటే సాంచలు బందు పెట్టి, వాటి నడుమ సందుల్లో చాపలు పరిచి పంక్తులు వేసేవాళ్ళు. హాలు ఎవరిదని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. సాంచలు పోయాక హాళ్ళల్లో నూలు వ్యాపారి గోదాము పెట్టాడు, ఇంకొకాయన ట్యూషన్లు పెట్టాడు. పందిరి గుంజలు దిగుతుంటే చాలు, ఆయన నూలు మూటలు జరుపుకునేవాడు, ఈయన పిల్లలకు సెలవిచ్చి తనే వడ్డనకు నిలబడేవాడు. వాళ్ళూ మా పేటవాళ్ళే. చెప్పాల్సిన పని రాలేదు. వంట గుండిగలు మోసుకుని మెట్లెక్కేవాడు ఎవడూ ఉండడు కనుక మేడమీద గదులకు ఈ బాధ లేదు. అందుకే మేడమీద అద్దె ఎక్కువ. కింది హాలు అద్దెకున్నవాడికి పూర్తిగా దక్కదు, గల్లీకి కూడా అందులో వాటా ఉంది. అది మాకు ఎంత మామూలంటే, అద్దె గురించి అడిగితే ఎవరికీ గుర్తు రానంత.

ఇదంతా మేనేజరుకు చెప్పాను. శ్రద్ధగా విని, సొరుగులోంచి ఒప్పందం తీసి చూపించాడు. హాలు మీద వేరెవరికీ ఏ హక్కూ లేదని అందులో స్పష్టంగా ఉంది. మామను పిలిపించాం. కింద ఉన్న సంతకం తనదే అని మామ ఒప్పుకున్నాడు.

"మరి ఇట్ల సంతకం ఎట్ల చేసినవ్ మామా?"

"గది కిరాయి కాయితమమ్మా. పెండ్లి ముచ్చట దాంట్ల ఎందుకుంటది?" అన్నాడు మామ. తర్వాత మేనేజరు వైపు తిరిగి, మరాఠీలో, రెండు రోజులు కుర్చీలు జరుపుకుంటే అయిపోతుంది కదా సాహెబ్ అన్నాడు. కావాలంటే ఆ నెల కిరాయి వద్దన్నాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. కిరాయి సంగతి కాదు, హెడ్డాఫీసు ఒప్పుకోదు, ఒక్క తీగ తీసినా తన ఉద్యోగం మీదికి వస్తుంది అన్నాడు. నిజంగానే భయపడ్డాడు.

ఊళ్ళోని మంగళ కార్యాలయాలకు, అంటే పెళ్ళి హాళ్ళకు, ఫోన్లు చేశాను. పెళ్ళిళ్ళ కాలం, ఒక్కటీ ఖాళీ లేదు. ఊరి చివర దొరికిన ఒక్కదానికీ వాళ్ళు అడిగిన డబ్బు వింటే, అత్త ఎన్నేళ్ళు బీడీలు చుట్టాలో నాకు లెక్క కట్టాలనిపించలేదు. పైగా పత్రికలు పంచాక స్థలం మారిస్తే పెళ్ళివారి ముందు ఆమె మాట ఏమవుతుంది?

సంగతి తెలిసి అత్త వచ్చింది. బీడీ ఆకు చేతికి అంటుకునే ఉంది. చెప్పులు ఎక్కడ విడవాలో చీటీ ఉన్నచోటనే విడిచి, నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మా ఆయన ఈడ సాంచలు నడిపిండు. గల్లీల ఎవ్వరి బిడ్డ పెండ్లయినా సాంచలు బందు వెట్టిండు. బందు వెట్టిన దినం కూలి లేదు. ఒక్కనాడు నోరు తెరిచి అడగలే. ఎందుకంటే మన బిడ్డ పెండ్లికి గూడ అందరు గిట్లనే బందు వెడుతరు అనుకున్నడు. అందరి పెండ్లిళ్ళు అయిపోయినై. నా బిడ్డది వచ్చేసరికి కాయితం చూపెడుతున్నరా?"

కోపంలో తెలుగులో అనేసింది. మేనేజరుకు అర్థం కాలేదేమోనని, ఆగి, ఊపిరి పీల్చుకుని, అదంతా మళ్ళీ మొదటినుంచి మరాఠీలో చెప్పింది. ఒక్క మాట కూడా వదల్లేదు. కిటికీ పక్క బల్ల దగ్గర కూతురు కంప్యూటరు తెర వైపు చూస్తూ ఏడుస్తోంది. మేనేజరు తన చేతుల వైపు చూసుకుంటూ, "నాకు పైకి చెప్పడానికి ఒక కారణం ఇవ్వండి," అన్నాడు నాతో. "మంచితనం అని రాస్తే వాళ్ళు ఒప్పుకోరు."

ఆ మాటతో నా బుర్ర పనిచేసింది. ఇంటికి పరుగెత్తుకుని వచ్చి, అదే గల్లీ లెక్కలు ముందు పెట్టుకుని మేడమ్‌కు ఫోన్ చేశాను. కింది అంతస్తుకు ఎందుకు తక్కువో దొరికిందని చెప్పాను. మొత్తం విన్నాక ఆమె గట్టిగా నవ్వింది. ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు. "అయితే వాళ్ళు ఫిర్యాదు చేయడానికి ఏముంది?" అంది. "పెళ్ళిళ్ళకు ఖాళీ చేసే హాలు ధరకే తీసుకున్నారు. ప్రతి నెలా ఆ తగ్గింపు అనుభవిస్తున్నారు. ఖాళీ చేయమంటే మాత్రం ఒప్పందం చూపిస్తారా?"

మర్నాడు పొద్దున మేనేజరు పక్కన కూర్చుని వాళ్ళ హెడ్డాఫీసుతో మాట్లాడాను. అత్త మాటలు చెప్పలేదు. అద్దెలు చెప్పాను. చౌక్ రోడ్డు మీద ఇలాంటి హాలు ఎంత, ఇదే గల్లీలో మేడమీద ఎంత, కింద ఎంత, ఆ తేడా ఎందుకు. పెళ్ళిళ్ళ బాధ లేని హాలు కావాలంటే ఆ తేడా కట్టాలి, కట్టనంటే ముహూర్తం రోజున కుర్చీలు జరపాలి. అవతల ఒక గొంతు అడిగింది, "ఏడాదికి ఎన్ని పెళ్ళిళ్ళు ఉంటాయి?" మా పక్కనే కూర్చున్న మామ గల్లీలో పెళ్ళికి ఎదిగిన పిల్లల్ని అప్పటికే వేళ్ళమీద లెక్కపెడుతున్నాడు. ఒక చేతి వేళ్ళకే సరిపోయారు. ఆ లెక్కలో నన్ను కూడా కలిపాడని తర్వాత తెలిసింది. అవతలివాళ్ళు కాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి, సరే, కానీ కంప్యూటర్లు హాలు దాటి బయటికి పోకూడదు, అత్యవసర బిల్లులు ఆగకూడదు, ఈ షరతులు ఇప్పుడే ఒప్పందంలో చేర్చాలి అన్నారు. మేనేజరు ఫోన్ పెట్టేసి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. వాళ్ళకంటే ముందే ఆ మనిషి ఒప్పుకుని ఉన్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

పెళ్ళి ముందురోజు సాయంత్రం ఆఫీసు అమ్మాయిలే బల్లలన్నీ ఒక గోడకు చేర్చారు. కంప్యూటర్ల మీద కప్పడానికి మామ కొత్త చద్దర్ల కట్ట దించాడు. ఏనుగులు, నెమళ్ళు, కమలాలు నేతలో తేలిన చద్దర్ల కింద ఆస్పత్రుల లెక్కలన్నీ హాయిగా పడుకున్నాయి. మేడమీది ఆడిటరు తన గదీ, తన కంప్యూటర్లూ ఇచ్చాడు. పెళ్ళినాడు ఇద్దరమ్మాయిలు పట్టుచీరల్లో అక్కడ కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కింద సన్నాయి మోగుతుంటే అత్యవసర బిల్లులు చేశారు. పంక్తులు ఎన్ని పడతాయో లేజరు మీటరుతో కొలిచి చెప్పాను. ఆఫీసుకైతే మనిషికి ఇంత జాగా అని మా లెక్క. విస్తరికి ఎంత అన్నది నాకు తెలియదు. అత్త నడిచి చూపించింది, నేను దాన్ని కొలిచాను. మండపం వెనక గోడ మీద ఎర్ర చుక్క పడితే, "పెట్టు పెట్టు, ఇయ్యాల మంచిగ పెట్టు బొట్టు," అంది.

మండపం కిటికీ పక్కనే వేశారు. ఎవరూ అనుకుని వేసింది కాదు, గాలి బాగా వస్తుందని వేశారు. తలంబ్రాలు పోసేటప్పుడు అత్త మండపం వైపు కాక, కిటికీ కింది నేల వైపు చూస్తూ నిలబడింది. ఆమె చేతులు అప్పుడు మాత్రమే కాసేపు ఊరికే ఉన్నాయి. నేను ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

మేనేజరు పొద్దుటి నుంచి చద్దర్ల గుట్ట పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. మొదటి పంక్తిలో పిలిస్తే రాలేదు. రెండో పంక్తిలో మసాలా భాత్ వాసనకు కొంచెం కదిలాడు. మూడో పంక్తికి చేతిలో జిలేబీల పళ్ళెంతో, ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, వరస వెంట నడుస్తూ "ఇంకొకటి, ఇంకొకటి" అంటున్నాడు. పెళ్ళివారి మేనమామ అతన్ని ఆడపిల్ల తరఫు చుట్టం అనుకుని, ఎవరి అల్లుడని ఆరా తీశాడు. మామ తడుముకోకుండా, "మా కిరాయి అల్లుడు," అన్నాడు.

నివేదికను సరిచేసి మళ్ళీ పంపాను. "కారణం తెలియదు" అన్నచోట కారణం రాశాను. ఇప్పుడు మేడమ్ ఏ ఊరికి మనిషిని పంపినా, అద్దె అడిగాక ఇంకో ప్రశ్న అడిగి రమ్మంటోంది: ఈ గదిలో అద్దెకున్నవాడు కాక ఇంకెవరెవరు, ఎప్పుడెప్పుడు కూర్చుంటారు? దానికి జవాబుగా చిత్రవిచిత్రమైన సంగతులు వస్తున్నాయట. నాకు మాత్రం జీతం పెరగలేదు.

ఒప్పందం గడువు తీరి కొత్తది రాసుకునే వేళకు, అదే గల్లీలో మేడమీద ఒక పెద్ద గది ఖాళీ అయింది. పెళ్ళిళ్ళ గొడవ ఉండదు, అక్కడికి మారండి అని హెడ్డాఫీసు రాసింది. మేనేజరు నన్ను పిలిచి, మొహంలో నవ్వు కనపడకుండా అడిగాడు, "మేడమ్, పైన అద్దె ఎక్కువ కదా?" ఎక్కువే అన్నాను. "అదే రాస్తాను," అన్నాడు. వాళ్ళు కిందనే ఉండిపోయారు.

మొన్న గల్లీ చివరింటి పిల్ల పెళ్ళి కుదిరింది. తల్లీ కూతుళ్ళు పత్రిక పట్టుకుని ఆఫీసు గుమ్మం దగ్గర మొహమాటంగా నిలబడ్డారు. ఏదో పని మీద నేనూ అక్కడే ఉన్నాను. మేనేజరు ఇంకా కుర్చీలోంచి లేవలేదు. అత్త కూతురు ఇప్పుడు విడీ ఘర్కుల్ నుంచి రోజూ వస్తుంది, అదే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది. తల ఎత్తి వాళ్ళను చూసింది. పత్రిక చూసింది.

"ఎప్పుడు వదినె, ముహూర్తం?"

"ఐతారం కాదు పిల్లా, మళ్ళ గురువారమే వచ్చింది. మీకు పని ఆగుతదేమో..."

"ఆగితే ఆగనియ్యి," అంది ఆ పిల్ల. "మా నాయిన గూడ ఈడనే బందు వెట్టెటోడు."

ఆ గురువారం ముందురోజు సాయంత్రం, అందరికంటే మొదట ఆమే లేచి తన కంప్యూటరు ఆపింది. తీగ చుట్టింది. మీద చద్దరు కప్పి, నాలుగు కొసలూ సరిచేసి, చాపలు పరచడానికి వెళ్ళింది.